ఇంటి వ్యాపారంలో పిల్లలకు సొంత బాధ్యత అప్పగించడం ఎలా?

వ్యాపారంలోకి వచ్చిన కొడుకునో కూతురినో ఏళ్ల తరబడి గల్లాపెట్టె దగ్గరే కూర్చోబెడితే లెక్క చూడటం వస్తుంది గాని, సొంతంగా నిర్ణయం తీసుకుని దాని లాభనష్టాలు భరించే అలవాటు రాదు. ఉన్న వ్యాపారం పక్కనే ఒక చిన్న పనిని పూర్తిగా వారికే వదలాలి.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే కుటుంబాన్ని తీసుకుందాం. కొట్టులో రోజువారీ అమ్మకం పెద్దల చేతిలోనే ఉంచి, దూర ప్రాంతాలకు సరుకు పంపే పనిని పిల్లలకు ఇవ్వవచ్చు. రేకు తేమ తగిలితే మెత్తబడుతుంది, ప్రయాణంలో నలిగితే విరిగిపోతుంది. అందువల్ల ఎలాంటి డబ్బా వాడాలి, ఎన్ని రోజుల నిల్వకు హామీ ఇవ్వాలి, చక్కెరవి పంపాలా బెల్లంవి పంపాలా అన్నవన్నీ వారే చేసి చూసి తేల్చుకోవలసిన విషయాలు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) అనుమతి, లేబుల్ వివరాలు, 2023లో ఈ పూతరేకులకు వచ్చిన భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారుగా (ఆ గుర్తింపు పేరుతో సరుకు అమ్ముకునే హక్కున్నవారిగా) నమోదు కావడం కూడా వారి చేతనే చేయించాలి.

పెట్టుబడి ఎంత, అది అప్పా, వాటానా, ఊరికే ఇచ్చినదా అన్నది ముందే కాగితం మీద పెట్టి, బ్యాంకు ఖాతా వేరుగా తెరిపించాలి. ఇంటి కొట్టు నుంచి తీసుకున్న సరుకుకు కూడా ధర కట్టి రాసుకోకపోతే, వచ్చింది లాభమో నాన్నగారి ఖర్చో ఎవరికీ తెలియదు. ఎంత నష్టం వరకు ఓర్చుకుంటారో కూడా ముందే చెప్పి, దసరా నుంచి సంక్రాంతి దాకా ఆ హద్దు దాటనంత కాలం పెద్దలు కల్పించుకోకూడదు.

అన్నిటికంటే కష్టమైనది ఇదే. పనివాళ్ల ముందు ఒక్కసారి పిల్లల మాట కొట్టేస్తే ఆ తరువాత వారి మాట ఎవరూ లెక్కచేయరు. డబ్బాల వ్యాపారి ధర మాట్లాడటానికి తండ్రికి ఫోన్ చేస్తే, "అమ్మాయిని అడగండి" అని ఆయన పెట్టేయగలగాలి.

అమ్మాయి అని కావాలనే అంటున్నాను. రేకు తీసే నేర్పు ప్రధానంగా స్త్రీలదే అయినా, వారసత్వం మాట వచ్చేసరికి ముందు కొడుకు పేరే వినిపించడం అన్యాయం. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో కేంద్రం కూడా ఆ మార్పు తెచ్చింది.

పని నిలదొక్కుకుంటే భాగస్వామ్య సంస్థగానో, భాగస్వాముల బాధ్యత వారి పెట్టుబడికే పరిమితమయ్యే ఎల్‌ఎల్‌పీగానో నమోదు చేయించాలి. పని చేసేవారి జీతాన్నీ, పెట్టుబడి పెట్టినవారి వాటానూ వేర్వేరుగా రాసి, వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న తోబుట్టువుల చేత కూడా ఆ పత్రం చదివించి, వారి సమ్మతి తీసుకున్న తరువాతే కొత్త బోర్డు కట్టాలి.