టీవీకి బదులు ప్రొజెక్టర్ – మూడో పాఠం: గోడ మీద పడే వెలుతురును కొలవడం

రెండో పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. త్రో రేషియో (గోడకు ఉన్న దూరం బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.2 ఉన్న ప్రొజెక్టర్‌ను గోడకు 3.2 మీటర్ల దూరంలో పెడితే బొమ్మ ఎంత వెడల్పు వస్తుంది? 3.2ను 1.2తో భాగిస్తే 2.67 మీటర్లు. 16:9 బొమ్మకు, అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లుండే బొమ్మకు, అంత వెడల్పు అంటే మూల నుంచి మూలకు దాదాపు 120 అంగుళాలు. ఈ జవాబు వచ్చినవాళ్లకు దూరం లెక్క పట్టుబడినట్టే. రానివాళ్లు వెడల్పును, మూల నుంచి మూలకు ఉండే కొలతను ఒకటే అనుకున్నారేమో చూసుకోండి. తేడా ఎక్కువగా అక్కడే వస్తుంది.

ఈ పాఠం వెలుతురు గురించి. ఈ పాఠాలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం. ఏ ప్రొజెక్టర్ కొనాలా అని వారాల తరబడి వెతికేవాళ్లు కూడా దాన్ని పెట్టబోయే గదిని ఒక్కసారి కొలిచి చూడరు. తీరా పెట్టాక బొమ్మ వెలిసిపోయినట్టు కనిపిస్తే తప్పు ప్రొజెక్టర్‌దే అనుకుంటారు.

ముందు ఒక చిన్న పని చేయండి. సాయంత్రం హాల్లో మామూలుగా వెలిగే లైట్లన్నీ వేసి, బొమ్మ వేయాలనుకుంటున్న గోడను కాసేపు చూడండి. తెల్లగా కనిపిస్తోంది కదా? రేపు సినిమాలో రాత్రిపూట ఆకాశం వచ్చినప్పుడు ఆ చోట ఉండేది సరిగ్గా ఈ గోడే. ప్రొజెక్టర్ వెలుగును వేయగలదు గానీ, గోడ మీద అప్పటికే ఉన్న వెలుగును తీసేయలేదు. నలుపు రావాల్సిన చోట అది చేయగలిగిందల్లా ఏమీ వేయకుండా ఊరుకోవడమే. టీవీ తెర ఆపేసినా నల్లగానే ఉంటుంది కాబట్టి దానికి ఈ చిక్కు తక్కువ.

మరి లైట్లు వేసి ఉన్నా ప్రొజెక్టర్ బొమ్మలో నలుపు కొంతైనా కనిపిస్తుందేం? పక్కన అంతకన్నా చాలా ప్రకాశంగా ఉన్న భాగం ఉంటే, వెలుతురు పడిన గోడను కూడా కన్ను నలుపుగానే లెక్కవేసుకుంటుంది. అందువల్ల తేల్చాల్సిన సంగతి ఒక్కటే: ప్రకాశంగా ఉన్న చోటుకూ ఊరుకున్న చోటుకూ మధ్య ఎన్ని రెట్ల తేడా ఉంది? దాన్నే కాంట్రాస్ట్ నిష్పత్తి అంటాం. దీన్ని ప్రొజెక్టర్ కొనకముందే లెక్కగట్టవచ్చు.

గోడ మీద పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. చాలా ఫోన్లలో ముందువైపు, సెల్ఫీ కెమెరా దగ్గర, చిన్న లైట్ సెన్సర్ ఉంటుంది. లక్స్ మీటర్ యాప్ ఏదైనా ఒకటి వేసుకోండి. ఫోన్ వీపును గోడకు ఆనించి, తెర గదివైపు ఉండేలా, బొమ్మ మధ్యభాగం వచ్చే ఎత్తులో పట్టుకోండి. మీరు ఎదురుగా నిలబడితే మీ నీడే కొలతను తగ్గించేస్తుంది. పక్కకు జరిగి, చెయ్యి చాపి పట్టుకోండి. ఫోన్ చూపే అంకె ప్రయోగశాల కొలత కాదు, కానీ మన పనికి సరిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు. ప్రొజెక్టర్ వేసే మొత్తం వెలుగును ల్యూమెన్లలో చెబుతారు. ఆ ల్యూమెన్లను చదరపు మీటర్లలో ఉన్న బొమ్మ వైశాల్యంతో భాగిస్తే అది గోడ మీద వేసే లక్స్ వస్తుంది. 100 అంగుళాల 16:9 బొమ్మ 2.21 మీటర్ల వెడల్పు, 1.25 మీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే దాదాపు 2.76 చదరపు మీటర్లు. పెట్టె మీద 2000 ఆన్సి ల్యూమెన్లు (ఆన్సి అంటే అమెరికా ప్రమాణాల సంస్థ) అని ఉందనుకుందాం. ఆ అంకె సాధారణంగా అన్నిటికన్నా ప్రకాశవంతమైన మోడ్‌లో వచ్చేది. ఆ మోడ్‌లో మొహాలు ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తాయి, ఎవరూ అందులో సినిమా చూడరు. రంగులు సహజంగా ఉండే సినిమా మోడ్‌కు మారితే మూడో వంతు వెలుగు పోవడం మామూలే, కొన్నిటిలో సగం కూడా పోతుంది. మనం 1330 తీసుకుందాం. దాన్ని 2.76తో భాగిస్తే దాదాపు 480 లక్స్. (ఆన్సి అని గానీ, అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ అని గానీ లేకుండా ఉత్త "ల్యూమెన్లు" అని వేల అంకె వేసిన పెట్టెలను లెక్కలోకే తీసుకోవద్దు. ఆ అంకెతో ఏ లెక్కా కుదరదు.)

ఈ రెండు కొలతలూ చేతికొచ్చాక ప్రొజెక్టర్ లక్స్‌కు గోడ లక్స్ కలిపి, వచ్చిన మొత్తాన్ని గోడ లక్స్‌తో భాగించండి. సీలింగ్ లైటు వెలుగుతుండగా గోడ మీద 80 లక్స్ ఉంటే 560ని 80తో భాగిస్తే 7 రెట్లు. ఆ లైటు ఆపి, వెనకమూల చిన్న దీపం మాత్రం ఉంచితే గోడ మీద 5 లక్స్ మిగిలాయనుకోండి. 485ను 5తో భాగిస్తే 97 రెట్లు. ప్రొజెక్టర్ అదే, గోడ అదే, మారింది ఒక్క స్విచ్చే.

7 మంచిదా, 97 మంచిదా అన్నది సరే, ఎంత ఉంటే చాలు? ప్రొజెక్టర్ బొమ్మల కాంట్రాస్ట్‌కు ఇన్ఫోకామ్ అనే ఆడియో-వీడియో పరిశ్రమ సంస్థ 2011లో ఒక ప్రమాణం తెచ్చింది. తెర మీద ఏముందో స్థూలంగా అర్థమైతే చాలనుకునే చోట 7 రెట్లు, మామూలు అక్షరాలూ బొమ్మలూ చూసి నిర్ణయాలు తీసుకునే చోట 15, సూక్ష్మమైన వివరాలు పరిశీలించే చోట 50, సినిమాలాంటి వీడియోకు 80. అంటే సీలింగ్ లైటు కింద వార్తలు చూడగలం గానీ చీకటి సన్నివేశాలున్న సినిమా చూడలేం.

ఈ లెక్కను తిరగేసి వాడుకోవడం ఇంకా తేలిక. 80 రెట్లలో ఒక వంతు గోడ మీద ముందే ఉన్న వెలుతురుదే కాబట్టి ప్రొజెక్టర్ వేయాల్సింది 79 వంతులు. అందుకే ప్రొజెక్టర్ లక్స్‌ను 79తో భాగించండి, సినిమాకు మీ గోడ మీద ఉండదగిన గరిష్ఠ వెలుతురు వస్తుంది. అలాగే 15కు బదులు 14తో భాగిస్తే ఆటలకూ మాటల కార్యక్రమాలకూ సరిపడే హద్దు అనుకోవచ్చు. మన 480 లక్స్‌కు ఇవి 6, 34. సినిమాకు 6 లక్స్ అన్నమాట. ఇప్పుడు రెట్టింపు ల్యూమెన్ల ప్రొజెక్టర్ కొన్నారనుకోండి, ఆ హద్దు 12కి పెరుగుతుంది, అంతే. 80 లక్స్‌లతో పోరాడటానికి అది ఏ మూలకూ చాలదు. పైగా వెలుగు తక్కువై బాధపడే పరిస్థితి ఇక్కడ లేనే లేదు. డిజిటల్ సినిమా థియేటర్‌లో తెర ప్రకాశానికి ప్రమాణం 48 నిట్లు (తెర నుంచి మనవైపు వచ్చే ప్రకాశాన్ని నిట్లలో కొలుస్తారు). మన 480 లక్స్ తెల్లని మ్యాట్ తెర మీద పడితే 150 నిట్లు దాటుతుంది, అంటే థియేటర్‌కు మూడు రెట్లు. థియేటర్‌లో బొమ్మ అంత బాగుండటానికి చీకటే కారణం.

కాబట్టి మొదట చేయాల్సింది గోడ మీద పడే వెలుతురును వెతికి పట్టుకోవడం. బొమ్మ వచ్చే గోడకు వీపు ఆనించి కూర్చుని గదిలోకి చూడండి. అక్కడి నుంచి మీ కంటికి నేరుగా ఏ బల్బు కనిపిస్తుందో, ఏ కిటికీ కనిపిస్తుందో అవన్నీ ఆ గోడ మీదకు నేరుగా వెలుగు వేస్తున్నట్టే. కనిపించకుండా అడ్డు పెట్టగలిగితే సగం పని అయిపోయినట్టు. కాంతి కిందికే పడేలా షేడ్ ఉన్న దీపం కుర్చీల పక్కన ఉంటే మనుషులు నడవడానికి, తినడానికి వెలుగు ఉంటుంది, గోడకు తగిలేది మాత్రం చాలా తక్కువ. బొమ్మ గోడకు దగ్గరగా సీలింగ్‌లో బిగించిన లైట్లు అన్నిటికన్నా చేటు. వాటికి వేరే స్విచ్ పెట్టించుకోండి.

బొమ్మను చిన్నది చేసుకోవడం ఎవరికీ నచ్చదు గానీ బాగా పనిచేస్తుంది. అదే ప్రొజెక్టర్‌తో 120 అంగుళాలకు వెళ్తే 480 లక్స్ కాస్తా 335కి పడిపోతుంది. 80 అంగుళాలకు తగ్గితే 750 దాకా లేస్తుంది.

గోడకు బూడిద రంగు వేస్తే నలుపు బాగా వస్తుందని చాలామంది చెబుతారు. గది లైట్ల విషయంలో అది సాయపడదు. బూడిద రంగు ప్రొజెక్టర్ వెలుగునూ, గది వెలుగునూ ఒకే పాళ్లలో మింగేస్తుంది, నిష్పత్తి మారదు. తెల్లని సీలింగ్‌కు తగిలి తిరిగొచ్చే ప్రొజెక్టర్ సొంత వెలుగును కొంత తగ్గిస్తుంది, అంతవరకే. గది వెలుగును తట్టుకునేలా చేసిన ఏఎల్ఆర్ తెరల సంగతి వేరు. వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో దాన్ని బట్టి అవి వేరుగా స్పందిస్తాయి. గోడకు బాగా దగ్గరగా, బొమ్మకు కింద పెట్టే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ల కోసం చేసిన తెరలో సన్నటి గాడులుంటాయి. కింది నుంచి వచ్చే వెలుగును మనవైపు తిప్పి, పైనుంచి వచ్చేదాన్ని చాలావరకు మింగేస్తాయి. అదే తెరకు ఎదురుగా సీలింగ్‌కు ప్రొజెక్టర్ బిగిస్తే, ప్రొజెక్టర్ వెలుగునే మింగేస్తుంది. పక్క కిటికీ నుంచి వచ్చే వెలుగును కూడా అది పెద్దగా ఆపలేదు.

పగలు గోడ మీద 200 లక్స్ ఉండి, మీ ఇంట్లో టీవీ నడిచేది ఎక్కువగా పగలే అయితే, మందపాటి కర్టెన్లు వేసే ఉద్దేశం లేకపోతే, టీవీ తీసేయకండి. మన లెక్క ప్రకారం అక్కడ వచ్చేది 3.4 రెట్లే.

వచ్చే పాఠం ధ్వని గురించి. ఆలోగా మీరు నిజంగా టీవీ చూసే వేళల్లో, ఆ వేళల్లో వెలిగే లైట్లతోనే, గోడ లక్స్ రాసిపెట్టుకోండి. దాంతోపాటు ఈ లెక్క చేయండి: 1800 ఆన్సి ల్యూమెన్ల ప్రొజెక్టర్, సినిమా మోడ్‌లో మూడో వంతు తగ్గుతుంది, బొమ్మ 110 అంగుళాలు, గోడ మీద 24 లక్స్. ఆట చూడవచ్చా? సినిమా చూడాలంటే ఆ 24ను ఎంతకు దించాలి? సూచన: 110 అంగుళాల బొమ్మ 2.44 మీటర్ల వెడల్పు, 1.37 మీటర్ల ఎత్తు.