నర్సులూ, మీ పేరు పక్కన ఏం రాసుకోవాలి?

ఆదోని పక్క పల్లెలో విలేజ్ క్లినిక్ చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీని (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) ఊరంతా డాక్టరమ్మా అనే పిలుస్తారు, కర్నూలు పెద్దాసుపత్రి ఐసీయూలో ఎన్నేళ్ల అనుభవమున్నా నర్సు అందరికీ సిస్టరే. జనం పిలుపు మన చేతిలో లేదు. రెజ్యూమేలో, బోర్డు మీద, సంతకం కింద రాసేది మాత్రం మన చేతిలోనే ఉంది, అక్కడ తప్పు జరగకూడదు.

ముందు చదువు, రిజిస్ట్రేషన్, పోస్టు మూడింటినీ కలిపేయకండి. బీఎస్సీ నర్సింగ్ మీ చదువు, ఆర్‌ఎన్ ఆర్‌ఎం (రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) అన్నది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, స్టాఫ్ నర్స్ అన్నది పోస్టు. ఉద్యోగం మారితే పోస్టు పోతుంది, డిగ్రీ పోదు. అందుకే పేరు తర్వాత డిగ్రీ, దాని తర్వాత రిజిస్ట్రేషన్, కింది లైన్లో పోస్టు రాయండి.

మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అనే పోస్టునే చాలా రాష్ట్రాల్లో సీహెచ్‌వో, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అంటారు, కాబట్టి అప్లికేషన్ బయటి రాష్ట్రానికి పంపుతుంటే రెండూ రాయండి. ఈ పోస్టు కోసం ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు చేసి ఉంటే దాన్ని సర్టిఫికెట్ అనే చూపించండి, డిగ్రీల వరసలో పెట్టొద్దు.

అసలు గొడవంతా నర్స్ ప్రాక్టీషనర్ (ఒక విభాగంలో అదనపు శిక్షణ పొంది ఎక్కువ బాధ్యత తీసుకునే నర్సు) అనే పేరు దగ్గరే. ఐసీయూ అనుభవం ఎంత ఉన్నా అది ఆ పేరు ఇవ్వదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు బీఎస్సీ తర్వాత రెండేళ్ల పీజీ రెసిడెన్సీ, మిడ్‌వైఫరీలోది, అంటే ప్రసవాల విభాగంలోది, 18 నెలలు. అవి పూర్తి చేసినవాళ్లు కూడా ఏ విభాగమో కలిపి రాయాలి, ఎందుకంటే ప్రసవాలు చేయడానికి శిక్షణ పొందినామె వెంటిలేటర్ చూస్తుందని ఎవరూ అనుకోకూడదు కదా.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. అక్కడ నర్స్ ప్రాక్టీషనర్, నర్స్ మిడ్‌వైఫ్, నర్స్ అనస్థటిస్ట్, క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్ అని నాలుగు అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ రోల్స్ ఉన్నాయి, వాటికి వేరే చదువు, రాష్ట్ర లైసెన్సు కావాలి. ఇక్కడి సర్టిఫికెట్ చూపించి అక్కడ ఎన్‌పీ అని రాసుకోవడం కుదరదు.

పీహెచ్‌డీ చేసినవాళ్లు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు, కష్టపడి సంపాదించుకున్నదే. కానీ మంచం పక్కన నిలబడినప్పుడు మాత్రం "నేను నర్సునమ్మా, మీ బీపీ, షుగర్ చూస్తా, మందులు మార్చాలంటే డాక్టర్‌తో మాట్లాడతా" అని మొదటే చెప్పేయండి.