రబ్బరు బ్యాండుతో నడిచే బుల్లి పడవ చేయడం ఎలా?

కాగితప్పడవ నీళ్లు ఎటు తీసుకుపోతే అటే పోతుంది, కాసేపటికి నాని మునిగిపోతుంది. ఈ థర్మాకోల్ పడవ అలా కాదు, కదలని నీళ్లలో కూడా తనంతట తానే నడుస్తుంది. దీనికి వెనక ఓ తెడ్డు చక్రం ఉంటుంది. ఆ చక్రం నీళ్లలో సరిగ్గా సగం మునగాలి. దీని కిటుకంతా అదే.

అంగుళం మందం థర్మాకోల్ ముక్క, రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు, పెరుగు డబ్బా మూత లాంటి పల్చటి ప్లాస్టిక్, రబ్బరు బ్యాండు, దారం, కొవ్వొత్తి ముక్క, రూపాయి బిళ్ళ, జిగురు ఉంటే చాలు. జిగురు దగ్గర మాత్రం జాగ్రత్త. ఫెవిక్విక్ తగిలినచోట థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ బాగానే పట్టుకుంటుంది గానీ తడిస్తే మెత్తబడుతుంది. ఫెవికాల్ మెరైన్ దొరికితే అదే మేలు.

1. థర్మాకోల్‌ను 15 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పున కోయండి. ముందు 5 సెంటీమీటర్లు కోసుగా చెక్కితే అదే పడవ ముక్కు. కట్టర్‌కు కొత్త బ్లేడు వేసి, ఒకేసారి తెగ్గొట్టకుండా అదే గీత మీద నాలుగైదుసార్లు లాగండి. మొద్దు బ్లేడుతో కోస్తే అంచు పూసలు పూసలుగా రాలిపోతుంది. ఈ పని పెద్దవాళ్లే చేయాలి.

2. పుల్లల ఒక కొనకు సెంటీమీటరు ఇవతల, బయటి అంచున చిన్న గాటు పెట్టండి. పడవను బోర్లించి, అడుగున రెండు పక్క అంచుల వెంబడి పుల్లలను బల్లపరుపుగా అతికించండి. గాటున్న కొన 5 సెంటీమీటర్లు వెనక్కి పొడుచుకు రావాలి. పుల్లలను పైన అతికించకూడదు. థర్మాకోల్ నీళ్లలో మునిగేదే బహు కొద్ది, కాబట్టి పుల్లలు పైన ఉంటే చక్రం గాల్లో తిరుగుతుంది. దారంతో పడవ చుట్టూ కట్టి రాత్రంతా ఆరనివ్వండి. ఆరాక బయట ఉన్న పుల్లకు కొవ్వొత్తి రుద్దితే చెక్క త్వరగా నానదు. మైనం ముందే రాస్తే జిగురు పట్టదు.

3. ప్లాస్టిక్‌లో 5 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెండు ముక్కలు కత్తిరించండి. ఒక్కోదానికి పొడవాటి అంచు మధ్యలో 2 సెంటీమీటర్ల లోతు చీలిక పెట్టి, ఒకదానిలో ఒకటి దూర్చండి. కూడిక గుర్తులా నిలబడుతుంది.

4. రబ్బరు బ్యాండును రెండు గాట్లకూ తగిలించండి. కాస్త బిగువుగా ఉంటే చాలు, మరీ బిగిస్తే పుల్లలు ఊడొస్తాయి. రెండు పేటల మధ్య చక్రాన్ని ఇరికించి, జారకుండా సెల్లోటేపు వేయండి. చక్రం పడవకు గానీ పుల్లలకు గానీ తగలకుండా తిరగాలి.

ఇక టబ్బులో వేసి చూడండి. తెడ్డు నీటిని వెనక్కి నెడితే నీరు పడవను ముందుకు నెడుతుంది. అంటే వదిలినప్పుడు చక్రం, ముందుకు పోతున్న సైకిలు చక్రంలా దొర్లాలి. అందుకే చుట్టేటప్పుడు దాని పై అంచును వెనక్కి తిప్పాలి. అటూ ఇటూ అయితే పడవ వెనక్కి నడుస్తుంది. మొదట పది చుట్లు చాలు.

వదలగానే ముక్కు పైకి లేచి వెనక భాగం కుంగుతుంటే, రూపాయి బిళ్ళను ముక్కు దగ్గర పెట్టి ముందుకూ వెనక్కూ జరుపుతూ చూడండి. పడవ సమంగా నిలిచినచోట టేపుతో అతికించండి. ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతుంటే చక్రం రెండు పుల్లలకు సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసుకోండి. చాలావరకు లోపం అక్కడే ఉంటుంది.

జెండా, రంగులు మీ పిల్లల ఇష్టం. బరువు మాత్రం పెరగనివ్వకండి.

టబ్బులో జానెడు నీళ్లున్నా చిన్నపిల్లలను ఒంటరిగా వదలొద్దు. ఆట అయ్యాక రబ్బరు బ్యాండు తీసి దాచండి, బిగించి ఉంచేస్తే సాగి పట్టు పోతుంది. చెరువులోనో కాలవలోనో వదలాలనుకుంటే పొడవాటి దారం కట్టి వదలండి. థర్మాకోల్ కుళ్లదు, అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతుంది.