తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియం ఇంటర్‌కి: సబ్జెక్టు పదాలు పట్టుకునే పద్ధతి

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ ఎంపీసీ, బైపీసీల్లో ఇంగ్లీషు మీడియంలో చేరినవాళ్లకు మొదటి నెలలు గడ్డుగానే ఉంటాయి. తెలిసిన పాఠమే కొత్త పేర్లతో వస్తుంది. త్వరణం మీద లెక్కలన్నీ చేసినవాళ్లు కూడా యాక్సిలరేషన్ అనగానే ఆగిపోతారు. అందుకని డిక్షనరీ ముందేసుకుని మొదటి అక్షరం నుంచి బట్టీ పట్టొద్దు. ఇదివరకే చదివేసిన తొమ్మిది, పది తరగతుల సైన్సు, లెక్కల పుస్తకాలతో మొదలుపెట్టండి. ఇంగ్లీషు, తెలుగు ఎదురెదురు పేజీల్లో ఉండే ద్విభాషా పుస్తకం దొరికితే ఈ పనికి అంతకన్నా మంచి నిఘంటువు లేదు.

ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకుని పేజీని నాలుగు నిలువు గడులు చేయండి. మొదటి గడిలో ఇంగ్లీషు పదం, రెండో దాంట్లో తెలుగు పుస్తకంలోని పదం, మూడో దాంట్లో ఆ పదం వచ్చిన ఇంగ్లీషు వాక్యం ఉన్నదున్నట్టు, నాలుగో దాంట్లో దాని చుట్టాలు. ఉదాహరణకు డిరైవ్ అంటే సూత్రాన్ని రాబట్టడం, డెరివేషన్ అంటే అలా రాబట్టిన వరస, కాలిక్యులస్‌లో డెరివేటివ్ అంటే అవకలజం. రోజుకు ఎనిమిది పదాలు చాలు. మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు ఇంగ్లీషు గడులు మూసేసి, తెలుగు పదం చూస్తూ ఇంగ్లీషు పదం స్పెల్లింగుతో సహా రాయాలి. చాలామంది ఇంగ్లీషు చూసి తెలుగు అర్థం చెప్పుకుని వచ్చేసిందనుకుంటారు. పరీక్షలో కావలసింది చేత్తో రాయడం కదా, ఆ సాధనే జరగదు. పలకడం కోసం ఇంగ్లీషు పదాన్ని తెలుగు లిపిలో రాసుకున్నా ఫరవాలేదు కానీ, అదొక్కటే రాసుకుంటే స్పెల్లింగు ఎప్పటికీ రాదు.

అసలు తికమకంతా వాడుక అర్థానికీ, పాఠ్యపుస్తకం అర్థానికీ తేడా ఉన్నచోట. బస్సు వేగంగా పోతోందంటాం. ఫిజిక్స్‌లో మాత్రం స్పీడ్ అంటే వడి, వెలాసిటీ అంటే వేగం. వెలాసిటీకి దిశ కూడా ఉంటుంది, స్పీడ్‌కు ఉండదు. శక్తి అంటే పవర్ అని రాసేస్తారు. పుస్తకంలో శక్తి ఎనర్జీ, సామర్థ్యం పవర్. ఒకదానికి ప్రమాణం జౌల్, రెండోదానికి వాట్, కాబట్టి పదం మారితే లెక్క మొత్తం పోతుంది. అణుబాంబు అనడం అలవాటైనవాళ్లు అణువును ఆటమ్ అంటారు. కెమిస్ట్రీలో ఆటమ్ పరమాణువు, అణువు మాలిక్యూల్. కణం అనే ఒక్క తెలుగు పదం జీవశాస్త్రంలో సెల్, ఫిజిక్స్‌లో పార్టికల్. ఎదురు దిక్కులోనూ ఇంతే: బేస్ అంటే త్రిభుజానికి భూమి, కెమిస్ట్రీలో క్షారం. ఇలాంటి జంటలు కనిపించగానే నోటుబుక్కు చివర ఒక పేజీ కేటాయించి పక్కపక్కన రాసుకోండి. వినడానికి దగ్గరగా ఉండేవి కూడా అక్కడే: రిఫ్లెక్షన్ పరావర్తనం, రిఫ్రాక్షన్ వక్రీభవనం, అబ్జార్ప్షన్ శోషణం, అడ్సార్ప్షన్ అధిశోషణం. ఈ చివరి రెండింటికీ స్పెల్లింగులో తేడా ఒక్క అక్షరమే.

ప్రశ్న మొదట్లో వచ్చే క్రియను నిర్లక్ష్యం చేసినందుకు పోయే మార్కులు ఎక్కువ. డిఫైన్ రెసిస్టెన్స్ అంటే ఒక వాక్యంలో నిర్వచనం, పక్కన ప్రమాణం ఓమ్. స్టేట్ ఓమ్స్ లా అన్నప్పుడు వట్టి సూత్రం సరిపోదు, ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు అనే షరతుతో నియమాన్ని మాటల్లో చెప్పాలి. డిరైవ్ అంటే ప్రతి మెట్టూ కనపడాలి. డిస్టింగ్విష్ అంటే రెండు గడుల పట్టిక. రెండు నిర్వచనాలు వేరువేరుగా రాసి వదిలేస్తే తేడా చెప్పినట్టు కాదు. లిస్ట్ అన్నచోట పేర్లు చాలు, వివరణ రాస్తూ కూర్చుంటే టైము పోతుంది. జస్టిఫై అంటే కారణం చూపించాలి.

ఇక చదువు పనుల మాటలు. డిస్కస్ తర్వాత అబౌట్ రాదు, ప్రిపేర్ తర్వాత ఎగ్జామ్ రావాలంటే మధ్యలో ఫర్ ఉండాలి. హోంవర్క్‌కు బహువచనం లేదు. మ్యాథమెటిక్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్ చివర ఎస్ ఉన్నా సబ్జెక్టు పేరుగా ఏకవచనమే, వాటితో ఈజ్ వాడాలి. పరీక్ష రాయడానికి మన దగ్గర రైట్ అంటాం, అర్థమవుతుంది. అమెరికా వెళ్లేవాళ్లు టేక్ అలవాటు చేసుకోవాలి, బ్రిటన్‌లో సిట్ కూడా అంటారు. క్లాసులో సందేహం అడగడానికి అక్కడ డౌట్ కన్నా క్వశ్చన్ అనడం సహజం. డిగ్రీ పూర్తయిందని చెప్పడానికి పాస్డ్ అవుట్ అంటే మాత్రం అక్కడివాళ్లకు స్పృహ తప్పి పడిపోయారని అర్థమవుతుంది. గ్రాడ్యుయేటెడ్ అనండి, రెజ్యూమేలో కూడా అలాగే రాయండి.