అమ్మ పోయాక రోజూ రాత్రి ఏడింటికి వచ్చే ఆ బరువు: నాకు పనిచేసింది ఇదీ

మాది పర్లాకిమిడి. అమ్మ పోయి పద్నాలుగు నెలలు. రోజూ రాత్రి ఏడింటికి, ఆవిడ ఖర్చులు రాసుకునే వేళకి, నాకు గుండె బరువెక్కేది, అన్నం సహించేది కాదు. నవ్వితే ఆవిడకి ద్రోహం చేసినట్టు ఉండేది. ఫొటో వేరే గదిలోకి మార్చడం, టీవీ, వైజాగ్‌లో తమ్ముడింట్లో నెలరోజులు, ఏదీ లాభం లేదు.

చివరికి పనిచేసింది ఆవిడ పద్దుల పుస్తకం. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది. నేను బడిలో చదివింది ఒడియా. తెలుగు అక్షరాలు అమ్మ ఇలాంటి పద్దుల మీదే నేర్పింది.

ముందు ఏడింటికి పాతపట్నంలో పిన్నికి ఫోన్ చేశాను. తర్వాత ఒక పేజీ పైకి చదివాను: చింతపండు, కిరసనాయిలు, గుణుపురం రైలు టికెట్లు. ఒక్క పేజీయే చదవాలి. మొదటిరోజు మూడు చదివి రాత్రంతా ఏడ్చాను. "గుణుపురం ఎందుకెళ్లామో తెలుసామ్మా?" అని పిన్ని మొదలుపెట్టేది. ఫోన్ పెట్టేశాక, అమ్మ పద్దు ఆగిన చోటు కిందే ఆ రోజు నా ఖర్చు రాశాను. అసలు మందు ఇదేనని నా నమ్మకం. మూడో వారానికి ఏడింటికి ఆకలేసింది.

అందరికీ కుదురుతుందని చెప్పలేను. అమ్మది నిండు వయసు. చిన్నవయసు వాళ్లని పోగొట్టుకున్నవారి బాధ వేరు. పుస్తకం నిండాక నేనేం చేస్తానో నాకే తెలీదు. నిద్ర, తిండి పూర్తిగా పోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి.