నడకదూరంలో అన్నీ ఉన్న పాత పేటలో ఫ్లాట్ ధర సరైనదో కాదో తేల్చుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, నల్లకుంట, బర్కత్‌పుర, బాగ్‌లింగంపల్లి లాంటి పేటల్లో పాత ఫ్లాట్లకు గిరాకీ తగ్గదు. కూరగాయలు, మందుల షాపు, బడి, బస్టాపు అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మొదలయ్యాక ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వాళ్లకు రైలు కూడా గుమ్మం ముందుకొచ్చినట్టయింది. ఈ సౌకర్యాన్ని చూపించే అమ్మేవాళ్లు చదరపు అడుగుకు ఒక ధర చెబుతారు. ఆ ఒక్క అంకె పట్టుకుని బేరానికి దిగితే నష్టపోయేది కొనేవాళ్లే. పాత పేటలో ధర అంటే మూడు వేర్వేరు సంగతులు: నేలలో మీ వాటా, భవనంలో మిగిలిన ఆయుష్షు, నడక సౌకర్యం. మూడింటినీ విడివిడిగా చూసుకోవాలి. అందుకు మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ మాత్రం తిరగనిదే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి.

1. ముందు నడిచి చూడండి

మామూలు నడకలో నిమిషానికి దాదాపు 80 మీటర్లు పోతాం. పది నిమిషాలంటే 800 మీటర్లు. ప్రకటనలో "మెట్రోకు 5 నిమిషాలు" అని రాస్తే అది బండి మీద లెక్కో నడక లెక్కో ఎవరూ చెప్పరు. ఫ్లాట్ గేటు దగ్గర గడియారం చూసుకుని బయల్దేరండి. కూరగాయల మార్కెట్, బడి, మెట్రో మెట్లు, ఆసుపత్రి, పార్కు ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి. చిక్కడపల్లిలో అయితే సిటీ సెంట్రల్ లైబ్రరీని, బాగ్‌లింగంపల్లిలో అయితే సుందరయ్య పార్కును, నల్లకుంటలో అయితే కూరగాయల మార్కెట్‌ను, ఫీవర్ ఆసుపత్రిని గుర్తుగా పెట్టుకోవచ్చు.

ఈ నడక ఆదివారం పొద్దున చేస్తే లాభం లేదు. పనిరోజు సాయంత్రం 6 నుంచి 8 మధ్య ఒకసారి, వాన కురిసిన మర్నాడు ఒకసారి చేయండి. చేతిలో నాలుగు కిలోల సంచి ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, బండ్లు పెట్టేసి నడిచేవాళ్లు రోడ్డు మీదకు దిగాల్సి వస్తోందా, పెద్ద రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడాలి అన్నవి చూడండి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ లాంటి చోట రోడ్డు దాటడానికే రెండు మూడు నిమిషాలు పోతాయి. ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే మీకు పట్టిన సమయానికి సగం కలిపి లెక్క వేయండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన స్టీల్ బ్రిడ్జి పక్కనున్న ఫ్లాట్లకు బాల్కనీలోకి వచ్చే చప్పుడు, వెలుతురు రెండూ మారిపోతాయి. తలుపులు తెరిచి పావుగంట కూర్చుని చూడండి. రెండోది హుస్సేన్‌సాగర్ నాలా. చెరువు నుంచి అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా మూసీకి పోతుంది. నాలాకు దగ్గరున్న సందుల్లో సెల్లార్ గోడ మీద నీటి చార కోసం వెతకండి. కొత్తగా సున్నం వేసి ఉంటే గేటు కింది భాగంలో తుప్పు ఎంత ఎత్తువరకు ఉందో చూడండి. 2020 అక్టోబరు వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని వాచ్‌మన్‌ను, ఎదుటి కిరాణా కొట్టాయనను విడివిడిగా అడగండి. ఇద్దరూ ఒకే మాట చెబితే నమ్మొచ్చు.

2. అసలు ధర ఈసీలో దొరుకుతుంది

చెప్పే ధర వేరు, రిజిస్టరైన ధర వేరు. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల జాబితా) చూసుకోవచ్చు. చాలామంది దీన్ని తాకట్టు ఉందో లేదో చూసి పక్కన పెట్టేస్తారు. అందులో ప్రతి లావాదేవీ పక్కనా రెండు అంకెలుంటాయి: ప్రభుత్వ మార్కెట్ విలువ, దస్తావేజులో చూపిన విలువ. మీరు కొనే ఫ్లాట్ ఒక్కదానికే కాకుండా ఆ అపార్ట్‌మెంట్‌లోని మిగతా ఫ్లాట్లకు, పక్క రెండు అపార్ట్‌మెంట్లకు కూడా వెతకండి. గత రెండు మూడేళ్లలో అమ్ముడైనవి నాలుగైదు దొరికితే చాలు, మీ చేతికి ఒక పట్టీ వచ్చినట్టే.

ఆ అంకెలను కింది హద్దుగానే తీసుకోండి. కొందరు తక్కువ చూపించి మిగతాది నగదుగా ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ దారిలోకి మీరు పోవద్దు: స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. పైగా దస్తావేజులో ధర తక్కువైతే బ్యాంకు అప్పు కూడా తగ్గుతుంది.

3. గజాలు లెక్క పెట్టండి

ఈ పని సరిగ్గా చేస్తే ధర సగం తేలిపోతుంది. పాత దస్తావేజులో "ప్లింత్ ఏరియా 1000 చదరపు అడుగులు, కామన్ ఏరియాతో కలిపి" అని రాసి, ఆ కింద అన్‌డివైడెడ్ షేర్ (విడదీయని నేలలో మీ వాటా) ఇన్ని గజాలు అని ఉంటుంది. భవనం పాతబడేకొద్దీ విలువ పోతుంది. మిగిలేది ఆ గజాలే. రేపు అపార్ట్‌మెంట్ పడగొట్టి బిల్డర్‌కు ఇచ్చినా మీకొచ్చే వాటా ఈ గజాలను బట్టే.

ఒక లెక్క చూద్దాం, అంకెలు ఉదాహరణకు మాత్రమే. 480 గజాల స్థలంలో 12 ఫ్లాట్లు, మీ వాటా 40 గజాలు. ఫ్లాట్ 1000 అడుగులు, వయసు 30 ఏళ్లు, అడుగుతున్నది 65 లక్షలు. ఆ వీధిలో ఖాళీ స్థలం గజం ధర ఎంతో కనుక్కోండి, కానీ అదంతా వేయకండి. అందరూ ఒప్పుకుంటే తప్ప ఆ నేల చేతికి రాదు కాబట్టి తగ్గించి లక్ష వేద్దాం. నేల విలువ 40 లక్షలు. ఇప్పుడు కొత్తగా కట్టడానికి అడుగుకు 2,200 అనుకుంటే 22 లక్షలు. కాంక్రీటు భవనానికి 60 ఏళ్ల ఆయుష్షు అనుకుంటే సగం అయిపోయింది, మిగిలింది 11 లక్షలు. మొత్తం 51 లక్షలు. నడక సౌకర్యం గజం ధరలోనే ఉంది కాబట్టి దానికి మళ్లీ విడిగా చెల్లించనక్కర్లేదు. మిగతా 14 లక్షల మీదే మీ బేరం నడవాలి.

చాలాచోట్ల దొరికే తప్పు ఇది: అన్ని ఫ్లాట్ల దస్తావేజుల్లో ఉన్న గజాలు కలిపితే స్థలం విస్తీర్ణం కంటే ఎక్కువ తేలుతుంది. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ కట్టి దానికీ వాటా రాసి ఉంటారు. ఈసీలో ఒక్కో ఫ్లాట్ గజాలు తీసి కూడండి. కూడిక సరిపోకపోతే లాయర్‌కు చూపించందే ముందుకు పోవద్దు. పై అంతస్తు ఫ్లాటైతే మంజూరైన ప్లాన్‌లో ఆ అంతస్తు ఉందా, లేకపోతే బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధీకరించిన ప్రభుత్వ పథకం) కింద ఇచ్చిన ఉత్తర్వు ఉందా అని అడగండి. 2015 నాటి బీఆర్ఎస్‌కు (అలాంటిదే, భవనాల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు పెట్టిన రసీదు చూపిస్తే అది క్రమబద్ధీకరణ కాదు, దరఖాస్తు మాత్రమే.

టేపు పట్టుకెళ్లి గది గదీ లోపలి కొలతలు తీసుకోండి. దస్తావేజులో 1000 ఉన్న ఫ్లాట్ లోపల 750 ఉండటం మామూలే. రెరా చట్టం వచ్చింది 2016లో కాబట్టి ఈ పాత ఫ్లాట్లకు కార్పెట్ ఏరియా ఎవరూ రాసివ్వరు. మీరే కొలుచుకోవాలి. రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు ఈ లోపలి కొలతతోనే పోల్చండి.

4. అద్దెతో సరిచూసుకోండి

"టు-లెట్" బోర్డులున్న ఐదారు ఇళ్లకు అద్దెకు కావాలన్నట్టే ఫోన్ చేసి అద్దె, మెయింటెనెన్స్, అడ్వాన్స్ కనుక్కోండి. నెలకు 18,000 వస్తుందనుకుంటే ఏడాదికి 2,16,000. 65 లక్షల మీద అది 3.3 శాతం, 55 లక్షలకు కొంటే 3.9 శాతం. ఒకే వీధిలో రెండు ఫ్లాట్లకు ఈ శాతాల్లో బాగా తేడా ఉంటే తక్కువున్నదాని ధర పెంచి చెబుతున్నారని అర్థం.

అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు ఒక మెలిక ఉంది. అక్కడ పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు ఎక్కువ. గ్రూప్స్ నోటిఫికేషన్లు పడినప్పుడు ఫ్లాట్‌ను నలుగురైదుగురు కుర్రాళ్లకు తలకింత చొప్పున ఇస్తారు, అద్దె పెరుగుతుంది. పరీక్షలయ్యాక తగ్గుతుంది. అమ్మేవాళ్లు చూపించే అద్దె ఆ సీజన్‌దైతే లెక్క తప్పుతుంది. కుటుంబాలు ఇచ్చే అద్దెనే పట్టుకోండి.

5. భవనాన్ని చూడండి

పార్కింగ్‌లో నిలబడి పైకి చూడండి. బీముల వెంట గోధుమరంగు గీతలు, ఉబ్బిన ప్లాస్టర్ ఉంటే లోపల ఊచలు తుప్పు పట్టాయి. నాణెంతో తట్టితే బోలు శబ్దం వస్తుంది. బాత్‌రూముల కింది స్లాబు, టెర్రస్ మీద ట్యాంకు దిమ్మలు, ఈ రెండూ తప్పకుండా చూడండి. ఒకటి రెండు చోట్లయితే మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించమనొచ్చు. స్తంభాల్లోనే కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిపించండి.

జలమండలి కుళాయి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఏప్రిల్–మేలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు అన్నది అసోసియేషన్ పుస్తకంలోనే ఉంటుంది, చూపించమనండి. కారు పార్కింగ్ దస్తావేజులో రాసి ఉందో లేదో చదవండి. నోటిమాట పార్కింగ్ గొడవకే దారి. లిఫ్ట్ లేని మూడో అంతస్తుకు మొదటి అంతస్తు ధర ఇవ్వకండి.

6. చేతిలో ఎంత డబ్బు ఉండాలి?

తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. దస్తావేజు ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద. మ్యుటేషన్‌కు (రికార్డుల్లో మీ పేరు ఎక్కించడానికి) మరో 0.1 శాతం. 60 లక్షలకు కుదిరితే ఇదే 4.56 లక్షలు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) అమ్మేవాళ్ల డబ్బులోంచి పట్టి మీరే కట్టాలి.

30 నుంచి 75 లక్షల మధ్య అప్పు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతం మించకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. 60 లక్షలకు 48 లక్షలు వస్తుందని అందరూ లెక్క వేసుకుంటారు. బ్యాంకు వాల్యుయర్ వచ్చి పాత భవనం కదా అని 52 లక్షలే వేస్తే అప్పు 41.6 లక్షలకు దిగుతుంది. అప్పుడు మీ చేతినుంచి దాదాపు 23 లక్షలు కావాలి. టోకెన్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి వాల్యుయేషన్ అయ్యాకే పెద్ద మొత్తం ఇవ్వండి.

ఈ పేటల్లో చాలా ఫ్లాట్ల యజమానులు పిల్లలతో అమెరికాలో ఉంటున్నారు. అమ్మేవారు ఎన్ఆర్ఐ అయితే టీడీఎస్ 1 శాతం కాదు, చాలా ఎక్కువ. పట్టకపోతే ఆ బాకీ కొన్నవాళ్ల మీద పడుతుంది. ముందే ఆడిటర్‌ను కలవండి. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు చేయించి ఉండాలి, ఆ ముద్ర తేదీ చూసుకోండి.

7. అగ్రిమెంట్‌లో ఇవి రాయించండి

బ్యాంకు అప్పు మంజూరు కాకపోతే అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, గజాల వాటా ఎంత, పార్కింగ్ ఎక్కడ, అసోసియేషన్ బాకీ, ఇంటిపన్ను, నీటి బిల్లు, కరెంటు బిల్లు ఏ తేదీదాకా అమ్మేవారివి అన్నది స్పష్టంగా ఉండాలి. లింక్ డాక్యుమెంట్ల (అంతకుముందు యజమానుల దస్తావేజుల) ఒరిజినల్స్ అన్నీ పేజీ పేజీ చూసుకున్నాకే సంతకం పెట్టండి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మరోసారి ఈసీ తీసి, కరెంటు మీటర్ రీడింగ్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుని ఆఫీసుకు బయల్దేరండి.