గ్రీజు గన్ మొరాయిస్తే: తప్పు గన్నుదా, నిపుల్‌దా, పిన్నుదా?

దమ్ము రోజుల్లో పొద్దున ఆరింటికల్లా ట్రాక్టర్ చేలో దిగాలి. ముందురోజంతా బురదలో నానిన ముందు యాక్సిల్‌కి గ్రీజు కొడదామని కూర్చుంటే గన్ హ్యాండిల్ వట్టినే ఊగుతుంది, ముక్కులోంచి చుక్క రాదు. చాలామంది గన్ను పక్కన పడేసి "సాయంత్రం చూద్దాంలే" అని బండెక్కేస్తారు. ఆ సాయంత్రం నాలుగు రోజులకి గానీ రాదు. ఈలోగా ముందు చక్రాన్ని అటూ ఇటూ తిరగనిచ్చే కింగ్ పిన్ బుష్‌లో (పిన్ చుట్టూ ఉండే గొట్టంలో) నీళ్లూ ఇసకా చేరి నమిలేస్తాయి.

గన్ విప్పే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. నిపుల్‌కి (బండి మీద గ్రీజు ఎక్కించే చిన్న మొనకి) తగిలించకుండా గన్‌ని ఊరికే నాలుగైదు సార్లు కొట్టండి. గ్రీజు రాకపోతే తప్పు గన్‌దే. వస్తే, ఒక కొత్త నిపుల్‌ని కప్లర్‌కి (గన్ చివర నిపుల్‌ని పట్టుకునే ముక్కుకి) తగిలించి మళ్లీ కొట్టండి. నిపుల్ అడుగు నుంచి గ్రీజు బయటికొస్తే గన్నూ కప్లరూ రెండూ బాగున్నట్టే, ఇక చూడాల్సింది బండి మీదున్న నిపుల్‌ని, దాని వెనక దారిని. ఈ పరీక్షకోసమే నేను టూల్ బాక్సులో రెండు కొత్త నిపుల్స్ పెట్టుకుంటాను. పరీక్షించేటప్పుడు రంధ్రానికి వేలు మాత్రం అడ్డం పెట్టొద్దు.

హ్యాండిల్ తేలిగ్గా ఊగుతుంది, గ్రీజు రాదు

పదిలో ఎనిమిదిసార్లు ఇది గాలి పట్టడమే. పౌచ్‌లోంచో డబ్బాలోంచో పుల్లతో తీసి బ్యారెల్లో కుక్కుతాం కదా, ముద్దకీ ముద్దకీ మధ్య గాలి ఉండిపోతుంది. పంపు దగ్గరికి గ్రీజు బదులు ఆ బుడగ చేరితే, కొట్టినప్పుడల్లా అది నొక్కుకుని మళ్లీ ఉబ్బుతుందే తప్ప ముందుకు కదలదు. మా బావమరిది ఇలాగే ఒక గన్ పాడైందని మూలన పడేసి రెండోది కొన్నాడు. దానికీ గాలే పట్టింది!

గన్ తలని బ్యారెల్ మీద ఒక చుట్టు వదులు చేయండి. వెనక రాడ్‌ని గొళ్లెం నుంచి తప్పించి చేత్తో లోపలికి నెట్టండి. మర చుట్ల దగ్గర "ఫుస్" మని గాలి పోయి, వెనకే గ్రీజు కనబడితే తల బిగించి పది పదిహేను సార్లు కొట్టండి. ముందు చిటపటలాడుతూ తుంపులు తుంపులుగా వచ్చి, తర్వాత తెగకుండా దారంలా వస్తుంది. గాలి వదిలే స్క్రూ విడిగా ఉన్న గన్ అయితే తల విప్పక్కర్లేదు, ఆ స్క్రూ వదులు చేస్తే చాలు.

అన్నట్టు, రాడ్ గొళ్లెంలోనే ఉండిపోయిందేమో ముందు చూసుకోండి. నింపేటప్పుడు వెనక్కి లాగి, తగిలించి, తర్వాత వదలడం మర్చిపోతే స్ప్రింగ్ గ్రీజుని నెట్టదు. ఈ తప్పు నేనూ చేశాను, ఒకసారి కాదు.

బకెట్ గ్రీజు వాడేవాళ్లకి గాలి పట్టకుండా నింపే పద్ధతి ఒకటుంది. తల విప్పేసి, బ్యారెల్ మూతిని గ్రీజులో రెండంగుళాలు ముంచి, రాడ్ నెమ్మదిగా వెనక్కి లాగండి. సిరంజిలోకి మందు ఎక్కినట్టు ఎక్కుతుంది. పౌచ్ గ్రీజు అయితే కొద్దికొద్దిగా వేస్తూ బ్యారెల్ అడుగుని చెక్క మీద కొట్టి సర్దుకోవాలి.

గాలి తీశాక కూడా రాకపోతే, తల దగ్గర గ్రీజు బయటికెళ్లే చోట ఉండే చిన్న బాల్, స్ప్రింగ్ చూడండి. బాల్ కింద ఒక్క ఇసక రేణువు ఇరుక్కున్నా, ముందుకు కొట్టిన గ్రీజు మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. కింద గుడ్డ పరుచుకుని విప్పండి, ఆ బాల్ మట్టిలో పడితే దొరకదు. డీజిల్‌తో కడిగి బిగించండి.

చలి కూడా ఒక కారణమే. డబ్బా మీద ఎన్‌ఎల్‌జీఐ 2 అనో 3 అనో ఉంటుంది, అంకె పెరిగితే గ్రీజు గట్టి. ఆదిలాబాద్ వైపు డిసెంబరు పొద్దుల్లో 3 నంబరు అసలు కదలనంటుంది. గన్‌ని కాసేపు ఎండలో పెట్టి చూడండి.

హ్యాండిల్ రాయిలా బిగుసుకుంది

గన్ బాగుంది, దారి మూసుకుపోయింది అని అర్థం. హ్యాండిల్‌కి పైపు తొడిగి బలంగా నొక్కేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. చేతి గన్ కొన్ని వేల పీఎస్ఐ ఒత్తిడి పుట్టిస్తుంది. పొలం పనిలో ట్రాక్టర్ వెనక టైరుకి పట్టే గాలి 20 పీఎస్ఐ లోపే, పోల్చి చూసుకోండి. చిట్లిన హోస్‌ని చేత్తో పట్టుకుని కొడితే గ్రీజు సూదిలా చర్మం కిందికి దూరుతుంది. మొదట చిన్న గాటులాగే ఉంటుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. అయినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే వేలు పోవచ్చు. హోస్ పగుళ్లిస్తే టేపు చుట్టకుండా కొత్తది వేయండి.

నిపుల్ విప్పండి. దాని నెత్తిన ఆవగింజంత బాల్ ఉంటుంది. సన్నని తీగతో నొక్కితే దిగి మళ్లీ లేవాలి. లేవకపోతే కిరసనాయిల్లో నానబెట్టేకన్నా కొత్త నిపుల్ కొనడం మేలు, మర సైజు కోసం పాతది షాపుకి తీసుకెళ్లండి.

నిపుల్ మంచిదైతే బండి బరువు సంగతి చూడాలి. ముందు యాక్సిల్‌ని నడిమధ్య బండికి కలిపే సెంటర్ పిన్ మీద ముందు భాగం బరువంతా పడి, పిన్నూ బుష్షూ ఒకవైపు అతుక్కుని ఉంటాయి. గ్రీజు రంధ్రం ఆ వైపే ఉంటే గ్రీజు దూరడానికి సందే ఉండదు. వెనక చక్రాలకి అడ్డు పెట్టి, యాక్సిల్ కింద కాకుండా దానిపైనున్న బండి ముందు భాగానికి జాకీ పెట్టి లేపండి, యాక్సిల్ వేలాడాలి. కింద గట్టి దుంగ పెట్టాకే చేయి పెట్టండి. కింగ్ పిన్‌కైతే యాక్సిల్ కిందే జాకీ పెట్టి చక్రం నేల వదిలేలా లేపి, ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కొట్టాలి.

పోయినేడు మా బండి సెంటర్ పిన్‌కి ఇలా లేపి కొడితే ఏడెనిమిది దెబ్బలదాకా కదలిక లేదు. తర్వాత అంచు నుంచి ఇసక కలిసిన నల్లటి ముద్ద, దాని వెనక తుప్పు రంగు నీళ్లు, ఆ వెనకే కొత్త గ్రీజు వచ్చింది. ఆ నీళ్లు చూశాకే మా డ్రైవరు రోజూ గ్రీజు కొట్టడం మొదలుపెట్టాడు.

లేపినా ఎక్కకపోతే నిపుల్ తీసి ఆ రంధ్రంలో డీజిల్, ఇంజనాయిల్ కలిపి పోసి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ రాకపోతే పిన్ దింపి గ్రీజు పారే గాళ్లు శుభ్రం చేయాల్సిందే.

రోటవేటర్ షాఫ్ట్ క్రాస్‌ది (షాఫ్ట్ కీలులో ఉండే నాలుగు కాళ్ల ముక్కది, ఒక్కో కాలికి ఒక కప్పు) ఇంకో తంతు. నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు తొంగి చూడాలి. మూడు వచ్చి ఒకటి రాకపోతే ఆ కప్పు లోపల ఎండిపోతున్నట్టే. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, షాఫ్ట్‌ని చేత్తో కదుపుతూ, ఆ కప్పుకి ఎదురువైపు చెక్క సుత్తితో మెల్లగా తట్టి మళ్లీ కొట్టండి.

గ్రీజు కప్లర్ చుట్టూ పొంగిపోతుంది

ముందు నిపుల్ తుడవండి, తుడవకుండా కొడితే మట్టిని కూడా లోపలికి పంపినట్టే. కప్లర్‌ని నిపుల్‌కి నిటారుగా పట్టండి. అప్పటికీ పొంగితే కప్లర్ లోపలి దవడలు వదులయ్యాయి, బయటి తొడుగు కాస్త బిగిస్తే పట్టు వస్తుంది. దవడలు అరిగితే కప్లర్ మార్చండి.

కప్లర్ ఊడి రాదు

లోపల ఒత్తిడి మిగిలిపోయింది. నేరుగా లాగితే నిపుల్ విరుగుతుంది. పక్కకి వంచుతూ తిప్పండి. రాకపోతే హోస్ మరని పానాతో కొంచెం వదులు చేసి ఒత్తిడి పోనివ్వండి.

గన్ వెనకనుంచి గ్రీజు, మూలన నూనె మరకలు

రాడ్ వైపు నుంచి గ్రీజు వస్తే లోపలి రబ్బర్ వాషర్ అరిగింది, లేదా తిరగేసి పడింది. కడిగి పెట్టినప్పుడు ఈ రెండోది ఎక్కువగా జరుగుతుంది. వాడకుండా పెట్టిన గన్ కింద పల్చటి నూనె కారితే, స్ప్రింగ్ ఒత్తిడికి గ్రీజులోంచి నూనె విడిపోతోందని. పని అయ్యాక రాడ్ వెనక్కి లాగి గొళ్లెం వేసి, గన్‌ని నీడలో పడుకోబెట్టండి. మర్నాడు కొట్టే ముందు ఆ గొళ్లెం తీయడం మర్చిపోవద్దు.